చేతిలో నలభై క్రెడిట్లు

తెలుగు పత్రికల్లో ఏపీ అంటే ఆంధ్రప్రదేశ్. అమెరికాలో పిల్లలున్న తెలుగు ఇళ్లలో మాత్రం ఏపీ అంటే అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్. హైస్కూల్లో ఉండగానే కాలేజీ మొదటి ఏడాది పాఠం చదువుతారు, మే నెలలో కాలేజ్ బోర్డ్ పెట్టే పరీక్ష రాస్తారు, జూలైలో 1 నుంచి 5 లోపు ఒక అంకె వస్తుంది. ఆ అంకె బాగుంటే యూనివర్సిటీ తన కోర్సు ఒకటి ఆ విద్యార్థి చదివేసినట్టే రాసుకుని క్రెడిట్ ఇస్తుంది. ఇంకో దారి డ్యూయల్ క్రెడిట్. హైస్కూలూ దగ్గర్లోని కాలేజీ కలిసి నడిపే కోర్సు అది. ఒకే క్లాసు రెండు చోట్లా లెక్కకు వస్తుంది. 2022-23లో ఈ దేశంలో దాదాపు 25 లక్షల మంది హైస్కూలు పిల్లలు ఇలా కాలేజీ కోర్సులు చదివారు.

మా ఆవిడ మేనకోడలికి ఈ రెండు దారుల్లో కలిపి 40 క్రెడిట్ అవర్లు వచ్చాయి. మెకానికల్ ఇంజనీరింగ్ డిగ్రీకి మొత్తం 125 దాకా కావాలి. స్కోర్లు వచ్చిన వారం, శనివారం సాయంత్రం, వాళ్ల నాన్న ఆ కాగితాలన్నీ పట్టుకుని డల్లాస్ దగ్గర ఉన్న మా ఇంటికి వచ్చాడు. మా ఆవిడ 14 ఏళ్లుగా ఒక కమ్యూనిటీ కాలేజీలో లెక్కలు చెబుతోంది. అమ్మాయి నాన్న, అంటే మా ఆవిడ తమ్ముడు, సాఫ్ట్‌వేర్‌లో ఉన్నాడు. వాళ్లిద్దరి మధ్య ఆ రోజు జరిగిన వాదన ఈ దేశంలో మనవాళ్ల ఇళ్లలో ప్రతి వేసవిలో జరిగేదే కాబట్టి, విన్నది విన్నట్టు రాస్తున్నాను.

తమ్ముడు: 40 అవర్లు అక్కా. ఏడాదికి 30 చొప్పున చూసుకుంటే మొదటి ఏడాది గట్టెక్కి రెండో ఏడాదిలోకి వచ్చేసినట్టే. మూడేళ్లలో డిగ్రీ చేతికొస్తుంది. స్టేట్ యూనివర్సిటీలో హాస్టలూ తిండీ కలుపుకుంటే ఏడాదికి 30 వేల డాలర్ల పైమాటే. పరీక్షకి కట్టింది ఒక్కోదానికి వంద లోపు. ఇంతకంటే మంచి బేరం ఎక్కడుంది?

అక్క: బేరం అన్నావు చూడు, నా పేచీ అక్కడే. సరే, నీ లెక్కతోనే చూద్దాం. ఆ 40లో ఏమేం ఉన్నాయో చదువు.

తమ్ముడు: కాలిక్యులస్ బీసీలో 5, దానికి 8 అవర్లు. యూఎస్ హిస్టరీ 4, దానికి 6. ఫిజిక్స్ సీ మెకానిక్స్ 4, దానికి 4. కెమిస్ట్రీ 3, దానికి 4. ఇంగ్లిష్ 3 అవర్లు, కంప్యూటర్ సైన్స్ 3. డ్యూయల్ క్రెడిట్‌లో గవర్నమెంట్ రెండు కోర్సులు, ఎకనామిక్స్ ఒకటి, ఇంగ్లిష్ ఒకటి.

అక్క: ఇప్పుడు దాని డిగ్రీ ప్లాన్ తియ్యి. కాలిక్యులస్ వన్ అయితేగానీ టూ లేదు. టూ అయితేగానీ డిఫరెన్షియల్ ఈక్వేషన్స్ లేదు. స్టాటిక్స్ తర్వాత డైనమిక్స్, ఆ తర్వాత వైబ్రేషన్స్, ఆఖరి ఏడాది డిజైన్ ప్రాజెక్టు రెండు సెమిస్టర్లు. గొలుసు. ఇందులో కొన్ని కోర్సులు ఏడాదికి ఒక్కసారే పెడతారు. హిస్టరీ, గవర్నమెంట్, ఇంగ్లిష్ కలిపి నీకు 20 అవర్లకు దగ్గర దగ్గరగా మిగిలాయి, సంతోషమే. కానీ వాటిలో ఒక్కటి కూడా ఆ గొలుసులో లంకె కాదు. ఇంజనీరింగ్‌లో ఎన్నేళ్లు పడుతుందన్నది అవర్ల మొత్తం చెప్పదు. గొలుసు పొడవు చెబుతుంది.

తమ్ముడు: గొలుసు మొదట్లో ఉన్న కాలిక్యులస్ వన్, టూ రెండూ అయిపోయాయిగా. అంటే రెండు లంకెలు దాటినట్టేగా!

అక్క: అవి అయ్యాయో లేదో నాకింకా తెలీదు. కాగితం మీద అయ్యాయి.

(ఇక్కడ నేను అడ్డం పడి టీ ఇచ్చాను. అతని కూతురు మేడ మీద మా అబ్బాయితో మాట్లాడుతోంది, కింద తన గురించి జరుగుతున్న వాదన దానికి వినబడుతూనే ఉంది.)

తమ్ముడు: నువ్వు టీచరువి కాబట్టి కాగితాన్ని అనుమానిస్తున్నావు. ఆ కాగితం వెనక చట్టం ఉంది. 2015లో టెక్సస్ శాసనసభ ఏమంది? ఏపీలో 3 వస్తే పబ్లిక్ యూనివర్సిటీలు క్రెడిట్ ఇవ్వాలంది. అంతకంటే ఎక్కువ స్కోరు అడగాలంటే, తక్కువ స్కోరుతో వచ్చిన పిల్లలు తర్వాతి కోర్సులో దెబ్బతింటున్నారని ఆధారం చూపాలంది. ఇది పిల్లకు వచ్చిన హక్కు. ఎవరో దయతలిచి ఇచ్చేది కాదు.

అక్క: హక్కు కాదని నేననలేదు. ఉన్న హక్కునంతా వాడి తీరాలా అంటున్నాను. డార్ట్‌మత్ కాలేజీ ఏం చేసిందో నీకు తెలుసా? అక్కడి సైకాలజీ డిపార్ట్‌మెంటు వాళ్లు, ఏపీ సైకాలజీలో 5 తెచ్చుకుని వచ్చిన వందమందికి పైగా పిల్లలకు తమ మొదటి కోర్సు పరీక్షను కుదించి పెట్టారు. పదిమందిలో తొమ్మిదిమంది తప్పారు. 2013లో ఆ కాలేజీ, ఇక మీదట వచ్చే బ్యాచ్‌కు ఏపీకి డిగ్రీ క్రెడిట్ ఇవ్వబోమని చెప్పేసింది. పై కోర్సులో కూర్చోనిస్తారు, లెక్కలో మాత్రం వేసుకోరు. కాల్‌టెక్ ఇవ్వదు. బ్రౌన్‌లో డిగ్రీకి లెక్కకు రాదు.

తమ్ముడు: అక్కా, ఒక మాట అడుగుతాను, కోప్పడకు. నీ క్లాసులో 'ఏ' తెచ్చుకున్న పిల్లలకు ఏడాది తర్వాత చెప్పాపెట్టకుండా అదే పరీక్ష పెట్టు. ఎంతమంది పాసవుతారు?

మా ఆవిడ చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత చెప్పిన జవాబు, ఆ రోజు మొత్తం వాదనలో నాకు బాగా నచ్చింది.

అక్క: సగం మంది కూడా పాసవరు. ఒప్పుకుంటాను. మరచిపోవడం ఏపీ పిల్లల జబ్బు మాత్రమే కాదు. కానీ నా క్లాసులో చదివి మరచినవాడు జనవరిలో కాలిక్యులస్ టూలో కూర్చుంటాడు, ఆరు వారాల ఎడంతో. మన పిల్ల మేలో పరీక్ష రాసింది, ఆగస్టు ఆఖర్లో క్లాసులో కూర్చుంటుంది. పదకొండో తరగతిలో రాసినవాడికైతే పదిహేను నెలల ఎడం. ఇంకో సంగతి. 5 అంకె మారలేదు గానీ దాని వెనక కొలబద్ద మారుతోంది. యూఎస్ హిస్టరీలో 3 ఆ పైన వచ్చినవాళ్లు 2023లో సుమారు 48 శాతం, 2024లో సుమారు 72 శాతం. ఒక్క ఏడాదిలో పిల్లలు అంతగా ఎదిగారా? మార్కుల గీతను కొత్త పద్ధతిలో గీశారు. కాలేజీలో పిల్లలకు వచ్చే గ్రేడ్లతో పోల్చి సరిచేశామని కాలేజ్ బోర్డ్ చెబుతోంది. కావచ్చు. కానీ ఆ అంకెను శిలాశాసనంలా చూడొద్దు.

తమ్ముడు: గీత ఎక్కడ గీసినా, గీత అంటూ ఒకటుంది చూడు, అదే నాకు ముఖ్యం. ఎందుకో చెబుతాను. లాస్ ఏంజెలెస్‌లో గార్‌ఫీల్డ్ హైస్కూల్ సంగతి నువ్వే కదా నాకు చెప్పావు, నేను ఈ దేశం వచ్చిన కొత్తల్లో!

అక్క: ఎస్కలాంటే.

తమ్ముడు: ఆయనే. బొలీవియా నుంచి వచ్చిన లెక్కల మాస్టారు. కూలిపనుల వాళ్ల పిల్లలు, ఇంట్లో స్పానిష్ మాట్లాడే పిల్లలు. 1982లో 18 మంది ఏపీ కాలిక్యులస్ రాశారు, 18 మందీ పాసయ్యారు. పరీక్ష నడిపేవాళ్లు నమ్మలేదు. 14 మంది మీద అనుమానం పెట్టారు. 12 మంది మళ్లీ కూర్చుని రాశారు, 12 మందీ మళ్లీ పాసయ్యారు. ఆ పరీక్ష లేకపోతే ఆ పిల్లలకు లెక్కలొచ్చని ఎవరు నమ్మేవారు? స్కూలు పేరు చూసి పక్కన పెట్టేవాళ్లు. బయటి పరీక్ష అన్నది పేరున్న స్కూలు పిల్లలకంటే పేరులేని స్కూలు పిల్లలకే ఎక్కువ అవసరం. నాకది తెలుసు. ఈసెట్ అలాంటిదే.

ఇక్కడ పాఠకులకు ఒక మాట. ఈసెట్ అంటే పాలిటెక్నిక్ డిప్లొమా చేసినవాళ్లు రాసే ప్రవేశ పరీక్ష. అందులో ర్యాంకు వస్తే బీటెక్ రెండో ఏడాదిలో నేరుగా చేరొచ్చు. దాన్ని లాటరల్ ఎంట్రీ అంటారు. మా బావమరిది ఆ దారిన వచ్చినవాడు. పదో తరగతి కాగానే పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రికల్, ఆ తర్వాత ఈసెట్. హైస్కూలు తర్వాతి చదువుకు కాలేజీ క్రెడిట్ ఇవ్వడమనే ఆలోచన మనకు కొత్తేమీ కాదు, పేరే వేరు.

అక్క: ఈసెట్ మాట నువ్వే ఎత్తావు కాబట్టి అడుగుతున్నాను. బీటెక్ రెండో ఏడాది మొదట్లో నాన్నకు నువ్వు ఫోన్ చేసి ఏమన్నావ్?

తమ్ముడు: కాలేజీ మానేస్తానన్నాను.

అక్క: ఎందుకని?

తమ్ముడు: ఎలక్ట్రోమాగ్నెటిక్ ఫీల్డ్స్ క్లాసు. సారు బోర్డు మీద డైవర్జెన్స్, కర్ల్ అని రాసుకుంటూ పోతున్నాడు. ఇంటర్ నుంచి వచ్చినవాళ్లు ఆ వెక్టర్ కాలిక్యులస్ మొదటి ఏడాదిలో చదివేశారు. నేను ఆ ఏడాది అక్కడ లేను. దిక్కులు చూశాను. ఎవర్నడిగినా 'ఫస్టియర్‌లో చెప్పారుగా' అన్నవాళ్లే. కానీ అక్కా, మెషీన్స్ ల్యాబ్ మాట కూడా చెప్పు. వాళ్లు స్టార్టర్ హ్యాండిల్ ముట్టుకోవడానికి జంకేవాళ్లు. నేను డీసీ మోటారుకు కనెక్షన్లు కళ్లు మూసుకుని ఇచ్చేవాణ్ణి. మా బ్యాచ్‌లో సగం మందికి ల్యాబ్ నేర్పింది మేం నలుగురం డిప్లొమావాళ్లమే.

అక్క: రెండూ నిజమే. ఇప్పుడు లెక్క చెప్పు. ఇంటర్ రెండేళ్లు, బీటెక్ నాలుగు, మొత్తం ఆరు. నీకు?

తమ్ముడు: డిప్లొమా మూడు, బీటెక్ మూడు. ఆరే.

అక్క: చూశావా! ఈసెట్ నీకు ఏడాది మిగల్చలేదు. నువ్వు చదివిన మూడేళ్లకు విలువ కట్టింది, అంతే. ఒక్క రోజు తగ్గించలేదు, ఒక్క రూపాయి రాయితీ ఇవ్వలేదు. నేర్చుకున్నదాన్ని రెండోసారి చదివించలేదు. క్రెడిట్ అంటే నాకు తెలిసిన అర్థం అదీ. 1950ల్లో ఫోర్డ్ ఫౌండేషన్ డబ్బుతో మొదలై, 1955లో కాలేజ్ బోర్డ్ చేతికొచ్చినప్పుడు ఏపీ ఉద్దేశం కూడా అదే. చదివిందే మళ్లీ చదివి పిల్లలు విసిగిపోకూడదు, పై మెట్టు మీద నిలబడాలి. నువ్వేమో దాన్ని పండగ డిస్కౌంట్ లాగా చూస్తున్నావు.

తమ్ముడు: డబ్బున్నవాళ్లు డిస్కౌంట్‌ను తేలిగ్గా మాట్లాడొచ్చు. మా ఆఫీసులో ఒకతను ఉన్నాడు. గ్రీన్‌కార్డు వరుసలో పదేళ్ల పైగా నిలబడ్డాడు. కొడుకు హెచ్-4 మీద ఉన్నాడు. ఆ వీసా మీద ఉన్న పిల్లలకు ఫెడరల్ సాయం ఒక్క డాలరు రాదు. 21 నిండాయంటే తండ్రి వీసా నీడ పోతుంది, తన వీసా తను చూసుకోవాలి. ఆ కుర్రాడికి ఒక సెమిస్టర్ ముందు డిగ్రీ రావడమంటే ఏమిటో నీకు చెప్పక్కర్లేదు. అలాంటివాడితో 'క్రెడిట్లు వాడకు, నేర్చుకో' అని అనగలవా?

అక్క: అనను. అలాంటివాడికి దగ్గర కూర్చుని గొలుసు గీసి చూపిస్తాను, ఏ క్రెడిట్ ఎక్కడ పనికొస్తుందో. నా గోడు వేరే ఉందిరా. మీ అందరి మాటా ఈ 40 అవర్ల పిల్లల గురించే. నా క్లాసులో కూర్చునేవాళ్ల గురించి ఎవరూ మాట్లాడరు.

ఇక్కడి నుంచి ఆమె గొంతు మారింది. నేను ఈ వ్యాసం రాయాలనుకున్నది కూడా ఈ మాటల వల్లే.

అక్క: పోయినేడాది నా దగ్గర ఒకతను చదివాడు. రాత్రిళ్లు గోడౌన్‌లో పని, పొద్దున ఎనిమిదింటికి నా క్లాసు. రెండేళ్ల కోర్సు మూడేళ్లలో చేశాడు. 62 అవర్లు. ఇంజనీరింగ్‌కు యూనివర్సిటీలో సీటొచ్చింది. వాళ్లు 59 అవర్లు తీసుకున్నామని ఉత్తరం పంపారు. కేక్ తెచ్చాడు క్లాసుకి. ఆగస్టులో అసలు సంగతి తెలిసింది. తీసుకోవడం వేరు, డిగ్రీలో కలపడం వేరు. 59లో డిగ్రీకి పనికొచ్చింది 38. మిగతావన్నీ ఎలెక్టివ్ అని ఒక మూల పడేశారు. ఇంజనీరింగ్‌లో అన్ని ఎలెక్టివ్‌లకు చోటెక్కడిది?

తమ్ముడు: ఏమిటి పోయినవి?

అక్క: ముఖ్యంగా ఫిజిక్స్. టెక్సస్‌లో కమ్యూనిటీ కాలేజీల కోర్సులకు రాష్ట్రమంతా ఒకే నంబర్లు ఉంటాయి. ఫిజిక్స్ 1401 అంటే ఆల్జీబ్రాతో చెప్పేది. 2425 అంటే కాలిక్యులస్‌తో చెప్పేది. ఇంజనీరింగ్‌కు రెండోదే కావాలి. అతన్ని మొదటి సెమిస్టర్‌లో ఎవరో 1401లో కూర్చోబెట్టారు, ఏదైనా ఫిజిక్సే కదా అని. దాని వెనకది 1402. రెండు సెమిస్టర్లు, ఎనిమిది అవర్లు, రాత్రి పని చేసి కట్టిన డబ్బు. ఒక్కడి కథ కాదిది. 2017లో అమెరికా ప్రభుత్వ ఆడిట్ సంస్థ జీఏఓ లెక్కగట్టింది. 2004 నుంచి 2009 మధ్య కాలేజీ మారిన పిల్లలు సగటున తాము సంపాదించిన క్రెడిట్లలో 43 శాతం పోగొట్టుకున్నారు. నూటికి 43 రా!

తమ్ముడు: అంటే నీ వాదన నా వైపే వచ్చింది కదక్కా! క్రెడిట్ ఇవ్వాలనే కదా నువ్వూ అంటున్నావు.

అక్క: ఇవ్వాలనే అంటున్నాను. నా కాలేజీలో నేను చెప్పిన కాలిక్యులస్‌కూ, యూనివర్సిటీలో ఐదువందల మంది హాల్లో చెప్పే కాలిక్యులస్‌కూ తేడా ఏమిటో నాకు తెలుసు. నా దగ్గర ముప్ఫైమందే, హోంవర్క్ నేనే దిద్దుతాను. అలాంటి కోర్సు చదివినవాడి క్రెడిట్‌ను మూలన పడేస్తారు, పద్నాలుగేళ్ల పిల్ల వేసవి బూట్‌క్యాంపులో బట్టీపట్టి తెచ్చుకున్న అంకెను నెత్తిన పెట్టుకుంటారు. దీని మీద నాకు కోపం.

తమ్ముడు: ఫ్లోరిడాలోనూ ఇలాగే ఒకే నంబర్ల పద్ధతి చాలా ఏళ్లుగా ఉంది. మన ఇండియాలో కూడా 2021 జూలైలో అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్ పెట్టారు. ఒక చోట చదివింది దాచుకుని ఇంకోచోట వాడుకోవచ్చని.

అక్క: మంచిదే. కానీ బ్యాంకు అనే పేరు చూసి మోసపోకూడదు. బ్యాంకులో డబ్బు ఏ ఊరి కొట్లోనైనా చెల్లుతుంది. క్రెడిట్ అలా చెల్లదు. పుచ్చుకునే డిపార్ట్‌మెంటు ఒప్పుకోవాలి. ఖాతాలో ఎంతుందన్నది కాదు, చేరబోయే డిగ్రీలో ఎంత చెల్లుతుందన్నదే అడగాలి, అదీ కోర్సులో చేరకముందు.

తమ్ముడు: మరి నీ విద్యార్థి ఏం చేశాడు?

అక్క: పోరాడమన్నాను. టెక్సస్‌లో క్రెడిట్ కాదంటే కారణం రాసివ్వాలి. 45 రోజుల్లో తేలకపోతే వ్యవహారం రాష్ట్ర ఉన్నత విద్యా బోర్డు కమిషనర్ దాకా వెళ్తుంది. ఫిజిక్స్ పోయింది పోయినట్టే, అది న్యాయంగా పోయింది. కానీ స్టాటిక్స్ కోర్సు వెనక్కి తెచ్చుకున్నాడు. సిలబస్, హోంవర్క్‌లు, మిడ్‌టర్మ్ పేపర్లు అన్నీ ఫైల్లో పెట్టుకుని రిజిస్ట్రార్ దగ్గరికి కాకుండా నేరుగా డిపార్ట్‌మెంటుకు వెళ్లాడు. ప్రొఫెసర్ పావుగంట తిరగేసి సంతకం పెట్టాడు. ఆ ఫైలు లేకపోతే అదీ పోయేది.

తమ్ముడు కాసేపు ఏమీ అనలేదు. తర్వాత కాగితాల్లోంచి డ్యూయల్ క్రెడిట్ ట్రాన్‌స్క్రిప్టు తీశాడు.

తమ్ముడు: ఇందులో అన్నీ 'ఏ'లే.

అక్క: అదృష్టం. ఎదురింటివాళ్లబ్బాయి పదహారేళ్లప్పుడు సరదాగా బయాలజీ డ్యూయల్ క్రెడిట్ తీసుకున్నాడు, 'సీ' వచ్చింది. హైస్కూలుతో పోయిందనుకున్నారు. ఇప్పుడు మెడిసిన్‌కు అప్లై చేస్తున్నాడు. మెడికల్ కాలేజీల దరఖాస్తులో హైస్కూల్లో చేసిన కాలేజీ కోర్సు కూడా రాయాలి, ఆ గ్రేడు జీపీఏలో కలుస్తుంది. ఏపీ పరీక్షలో తక్కువొస్తే స్కోరు పంపకుండా ఊరుకోవచ్చు. డ్యూయల్ క్రెడిట్ అలా కాదు. అది కాలేజీ రికార్డు. చెరగదు. డాక్టరు చదవాలనుకునే పిల్లల తల్లిదండ్రులకు ఈ ముక్క ఎవరూ చెప్పడం లేదు.

అప్పుడు అమ్మాయి మెట్లు దిగి వచ్చింది.

"అత్తా, నన్నడగరా ఎవరూ?"

అక్క లేచి తన గదిలోకి వెళ్లి ఒక పేపరు తెచ్చింది. కిందటి సెమిస్టర్‌లో తను పెట్టిన కాలిక్యులస్ టూ ఫైనల్. 12 ప్రశ్నలు, రెండు గంటలు. "నిన్నే అడుగుతున్నా, కూర్చో" అంది. భోజనాల బల్ల మీద కాగితాలు పక్కకు జరిపి పిల్ల కూర్చుంది. వాళ్ల నాన్న పక్క కుర్చీలోంచి కదల్లేదు.

మొదటి రెండూ చకచకా చేసింది. మూడోది 9 మైనస్ ఎక్స్ స్క్వేర్, దాని వర్గమూలాన్ని ఇంటిగ్రేట్ చెయ్యాలి. పెన్సిల్ ఆగింది. "లిమిట్స్ ఇస్తే ఇది వృత్తంలో ముక్క, బొమ్మ గీసి వైశాల్యం చెప్పేస్తాను. లిమిట్స్ లేకుండా ఎలా?" అంది.

"ఎక్స్ ఈక్వల్స్ మూడు సైన్ థీటా పెట్టు" అన్నాడు వాళ్ల నాన్న, అప్రయత్నంగా. పాలిటెక్నిక్‌లో నేర్చుకున్నది, పాతికేళ్ల తర్వాత.

"అది మాకు లేదు నాన్నా."

లేదు, నిజమే. ఏపీ కాలిక్యులస్ బీసీలో త్రికోణమితి ప్రతిక్షేపణ ఉండదు. మన ఇంటర్ రెండో ఏడాది పిల్లలు వరసపెట్టి చేసే లెక్క అది. ఏడో ప్రశ్న, శంకువు ఆకారంలో ఉన్న ట్యాంకులోంచి నీళ్లు పైకి తోడడానికి ఎంత పని జరగాలన్నది. అదీ ఆమె సిలబస్‌లో లేదు. శ్రేణుల మీద ఉన్న నాలుగు ప్రశ్నలు మాత్రం మా ఆవిడ క్లాసులో చాలామంది కంటే శుభ్రంగా చేసింది. మొత్తం మీద ఎనిమిది పూర్తిగా, రెండు సగం సగం, రెండు వదిలేసింది.

తమ్ముడు: ఇప్పుడు చెప్పక్కా. ఈ రెండు లెక్కలూ నువ్వు ఒక వారంలో నేర్పగలవు. ఒక వారం పాఠం కోసం పిల్లను ఒక సెమిస్టర్ మొత్తం కూర్చోబెడతావా? వచ్చిందే మళ్లీ చదివిస్తే విసిగిపోతారని ఇందాక నువ్వే అన్నావు.

అక్క: అన్నాను. నువ్వు చెప్పింది సరైనదే. నువ్వు వచ్చేముందు నేను అనుకున్నది, కాలిక్యులస్ టూ మళ్లీ చదవమని చెప్పాలని. ఈ పేపరు చూశాక ఆ మాట అనలేను. శనివారాలు నా దగ్గరికి పంపు. ఆగస్టులో ఇంకో ఫైనల్ పేపరు పెడతాను. దాన్నిబట్టి ఆ క్రెడిట్ తీసుకోవాలో వద్దో అదే తేల్చుకుంటుంది. వాళ్ల యూనివర్సిటీలో స్కోరు పంపినంత మాత్రాన క్రెడిట్ పడదు, విద్యార్థి అడిగితేనే పడుతుంది. తొందరేం లేదు.

మిగతా వాటి గురించి అమ్మాయే చెప్పింది. హిస్టరీ, గవర్నమెంట్, ఎకనామిక్స్, ఇంగ్లిష్, కంప్యూటర్ సైన్స్, కాలిక్యులస్ వన్, ఫిజిక్స్ తీసుకుంటానంది. కెమిస్ట్రీ వద్దంది. "3 వచ్చింది. చట్టం ఇస్తుందేమో గానీ నాకు కెమిస్ట్రీ రాదు. దాని తర్వాత మెటీరియల్స్ కోర్సు ఉంది, అందులో ఏడుస్తాను." వాళ్ల నాన్న నాలుగు అవర్లు పోతున్నాయన్నట్టు ఒకసారి కాగితం వైపు చూశాడు, కానీ మాట్లాడలేదు. డైవర్జెన్స్, కర్ల్ గుర్తొచ్చి ఉంటాయి.

ఈ వాదనలో నేనెటువైపో చెప్పకపోతే తప్పించుకున్నట్టవుతుంది. క్రెడిట్ విషయంలో తమ్ముడిదే న్యాయం. చదివినదానికి విలువ కట్టి తీరాలి, స్కూలు పేరు చూడకుండా కట్టాలి, కమ్యూనిటీ కాలేజీ పిల్లలకు మరీ కట్టాలి. ఆ క్రెడిట్‌ను ఎలా వాడుకోవాలన్న విషయంలో అక్కదే న్యాయం. ఆ కోర్సు తర్వాత ఇంకో కోర్సు దాని మీద నిలబడుతుందా లేదా అన్నది చూడాలి. నిలబడనివన్నీ కళ్లకద్దుకుని తీసుకోవచ్చు. నిలబడేవాటిని మాత్రం ఒకసారి పేపరు మీద పెట్టి చూసుకోవాలి.

ఐదు శనివారాలు అమ్మాయి మా ఇంటికి వచ్చింది. ఆగస్టు రెండో వారంలో రెండో పేపరు రాసింది. 12లో 11 చేసింది. ఆ రాత్రే కాలిక్యులస్ టూ క్రెడిట్‌కు అప్లై చేసింది. ఇప్పుడు తన డిగ్రీ ప్లాన్‌లో ఎనిమిది సెమిస్టర్లకు బదులు ఏడు కనబడుతున్నాయి. వాళ్ల నాన్న అనుకున్న మూడేళ్లు కాదు, మూడున్నర.

మీ ఇంట్లో డ్యూయల్ క్రెడిట్ చదివే పిల్లలున్నా, కమ్యూనిటీ కాలేజీ నుంచి మారబోయే పిల్లలున్నా, మా ఆవిడ చెప్పమన్న పని ఒక్కటే. ఈ రోజే ఒక ఫైలు కొని, ప్రతి కోర్సు సిలబస్, దిద్దిన పరీక్ష పేపర్లు అందులో పెట్టించండి. సెమిస్టర్ అయిపోయిందని వాటిని పారేయనివ్వకండి.